నట్టును ఎంత బిగించవలెను?

మాచర్ల, గురజాల ప్రాంతములలో పొలమునకు పోవు రైతు నేడు ఎడ్లబండికి బదులు మోటారు సైకిలు నెక్కుచున్నాడు. తారు రోడ్డు దిగిన పిమ్మట దారి నాపరాళ్ళ మీదుగా, డొంకల వెంట, నల్లరేగడి గాడులలో సాగును. మామూలు బండియైనను, కొండదారుల కొరకు ప్రత్యేకముగా చేసిన బండియైనను, ఇచట ప్రతి గజమునకు ఒక కుదుపు తప్పదు. ఇంజను, చక్రములు, బ్రేకులు విడిపోక ఒక్కటిగా నుండుట బోల్టుల వలననే. ఇరుసు నట్టు వదులైనను, బ్రేకును పట్టియుంచు బోల్టు విరిగినను, బండితోబాటు దానిపై నున్న వారికిని ముప్పే. కావున నట్టును ఎంత బిగించవలెనను ప్రశ్న చిన్నది కాదు.

బోల్టు చేయు పని యేమో ముందు తెలిసికొందము. బండిచక్రమునకు కమ్మరి పట్టా వేయుట పల్నాటి పల్లెలలో పెద్దలు చూచియే యుందురు. పట్టాను చక్రముకన్న కొంచెము చిన్నదిగా చేసి, ఎర్రగా కాల్చి, వ్యాకోచించినపుడు తొడిగి నీళ్ళు పోయుదురు. చల్లారిన పట్టా కుంచించుకొన జూచును, చక్రము అడ్డగించును. అందుచేత పట్టా సాగియే యుండి, పూటీలను, ఆకులను లోనికి అదిమి పట్టుకొనును. బోల్టు చేయు పనియు ఇదియే. నట్టు తిరిగినకొలది బోల్టు సాగును. సాగిన బోల్టు స్ప్రింగువలె వెనుకకు లాగుచు, నడుమనున్న రెండు భాగములను ఒకదానితో నొకటి అదుమును. ఆ అదుము వలన కలుగు ఘర్షణయే వానిని ప్రక్కకు జరుగనీయదు.

ఈ బలము ఎంత? మర వ్యాసము 6 మిల్లీమీటర్లు గలిగి, 10 నంబరు పానా పట్టు బోల్టును తీసికొందము. ఇట్టి ఉక్కు బోల్టును సామాన్యముగా 10 న్యూటన్ మీటర్ల బలభ్రామకముతో బిగింతురు. పనివారు దీనినే టార్కు అందురు. ఒక మీటరు పొడవుగల కడ్డీ కొనను ఒక కిలో బరువు వ్రేలాడదీసిన కలుగు త్రిప్పుడు శక్తి దాదాపు ఇంతే. తడిలేని మరలపై ఈ కొద్ది ప్రయత్నముతో బోల్టులో సుమారు 850 కిలోల బరువుకు సమానమైన లాగుడు పుట్టును. అయినను 40 మిల్లీమీటర్ల పొడవుగల బోల్టు సాగునది మిల్లీమీటరులో నూటికి ఎనిమిది వంతులు మాత్రమే. ఇది వ్రాతకాగితపు మందముకన్న తక్కువ.

ఈ విషయమును మరువరాదు. వాషరు క్రింద అంతటి మందముగల రేగడి మట్టియో, తుప్పో, రంగుపొరయో ఉన్నదనుకొందము. బండి నాలుగు దినములు కుదుపులలో తిరుగగానే ఆ పొర నలిగి రాలిపోవును. బోల్టు సాగినదంతయు దానితోనే పోవును. నట్టు కొంచెమైనను తిరుగకయే బిగింపు మాయమగును. కావున మరలను, ఆనుకొను తలములను శుభ్రపరచుట బిగించుటలో సగము పని.

మనము వెచ్చించు శ్రమయంతయు బోల్టును సాగదీయుటకే పోదు. పై లెక్క ప్రకారము ఎనిమిదవ వంతు మాత్రమే అందుకు వినియోగమగును. తక్కినది మరల నడుమను, తల క్రిందను ఘర్షణకు ఖర్చగును. అందుచేత ఘర్షణ కొంచెము మారినను ఫలితము చాల మారును. పొడి మరలకు చెప్పిన టార్కును నూనె పూసిన మరలకు ప్రయోగించినచో లాగుడు మూడవ వంతు హెచ్చి, బోల్టు ఓర్పుకు అంచుదాక పోవచ్చును. తయారీదారుని పుస్తకములో నూనె పూయుమని యున్నచోటనే పూయవలెను.

ఎక్కువ బిగించుటయు మేలు కాదు. బోల్టు తలపై 8.8 అను అంకెలున్నచో, దాని ఉక్కు చదరపు మిల్లీమీటరుకు సుమారు 800 న్యూటన్ల వద్ద తెగుననియు, అందులో నూటికి 80 వంతుల వద్ద శాశ్వతముగా సాగిపోవుననియు అర్థము. మన 6 మిల్లీమీటర్ల బోల్టు పొడి మరలపై 15 న్యూటన్ మీటర్లు దాటగానే ఆ దశకు వచ్చును. ఇంజను కవచములు అల్యూమినియముతో చేసినవి. వాని మరలు ఉక్కు మరలకన్న ముందే చెడును. పైగా అల్యూమినియము వేడికి ఉక్కుకన్న దాదాపు రెట్టింపు వ్యాకోచించి బోల్టును ఇంకను సాగదీయును. కావున ఇంజను చల్లారిన పిమ్మటనే బిగించవలెను.

కుదుపులకు నట్టు ఎందుకు వదులగును? 1969లో జర్మను ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ దీనిని ప్రయోగముతో నిరూపించెను. భాగములు అడ్డముగా అటునిటు జరుగుటయే ముఖ్య కారణము. సీసాకు బిగిసిన బిరడాను త్రిప్పుచు లాగిన సులభముగా వచ్చును గదా! ఒక వైపు జారుచున్న వస్తువును వేరొక వైపు కదల్చుట తేలిక. అట్లే అడ్డముగా జారుచున్న నట్టు మరల వాలు వెంట తనంతట తానే వెనుకకు తిరుగును. ఇట్టి పరీక్షలలో చీలిక స్ప్రింగు వాషరులు పెద్దగా అక్కరకు రాలేదు. భాగములు జారకుండునంతగా బిగించుటయే మొదటి రక్షణ. గాలి తగులనిచోట లోహమును తాకి గట్టిపడు మరల జిగురు రెండవది. దీనిని 1953లో అమెరికా రసాయనశాస్త్ర ఆచార్యుడు వెర్నన్ క్రీబుల్ రూపొందించెను.

టార్కు పానా లేనివారు స్ప్రింగు త్రాసును వాడవచ్చును. బోల్టు నడిమి నుండి పానాపై 20 సెంటీమీటర్ల దూరమున త్రాసు కొక్కెమును తగిలించి, పానాకు లంబముగా లాగవలెను. త్రాసు 5 కిలోలు చూపినచో 10 న్యూటన్ మీటర్లు అయినట్లే. కొలత లేక బలము కొలది 20 కిలోలు లాగినచో అది 40 అగును. ఆ బోల్టు నిలువదు.

బోల్టును మొదటి చుట్లు చేతివ్రేళ్ళతోనే త్రిప్పవలెను. పలు బోల్టులున్నచోట ఎదురెదురుగా, రెండు మూడు విడతలుగా బిగించవలెను. ముందు చక్రమును తిరిగి అమర్చునపుడు, ఇరుసు నట్టును బిగించి, ఫోర్కును నాలుగుసార్లు అదిమి, ఆ తరువాతనే ఇరుసును కరచిపట్టు చిన్న బోల్టులను బిగించవలెను. ఇరుసు నట్టుకు తీసిన చీలిక పిన్ను స్థానమున క్రొత్తది వేయవలెను.

చివరకు నట్టు మీదుగా, దాని ప్రక్కనున్న లోహము మీదికి ఒక రంగుగీత గీయుడు. ఉదయము పొలమునకు బయలుదేరునపుడు ఆ గీత విరిగి కనిపించినచో నట్టు తిరిగినదన్నమాట. గీత చెదరకున్నను, క్రొత్తగా బిగించిన బోల్టులను ఒకటి రెండు ప్రయాణముల పిమ్మట త్రాసుతో మరల సరిచూడవలెను. ఏలయనగా క్రింది పొర నలిగిన సంగతి గీత చెప్పజాలదు.