తాళం తిప్పే ముందు రెండు నిమిషాలు
ఒకరి సీటులో మరొకరి డ్రైవింగు ముప్పే - సీటు, స్టీరింగు, అద్దాలు సరిచూసుకోవాలి

కోదాడ, (మా విలేకరి): పెళ్లిళ్ల రోజులు వచ్చాయంటే ఈ ప్రాంతంలో యాక్టింగ్ డ్రైవర్లకు తీరిక ఉండదు. కారు ఒకరిది, నడిపేది మరొకరు. తెల్లవారుజామున తిరుపతి నుంచి దిగిన డ్రైవరు మధ్యాహ్నానికి ఇంకొకరి కారు ఎక్కి యాదగిరిగుట్టకు బయలుదేరతాడు. సాయంత్రం మూడో బండి. ఆరడుగుల యజమాని సర్దుకున్న సీటులో ఐదడుగుల రెండంగుళాల డ్రైవరు కూర్చుంటాడు. సీటు ముందుకు జరపడు, అద్దం ముట్టుకోడు. సారు సీటు కదిలిస్తే ఏమనుకుంటారోనన్న మొహమాటం. వెనక నుంచి 'టైమైంది, పోనీయ్' అనే తొందర. బండి కదిలిపోతుంది.

ఇళ్లలోనూ ఇదే తంతు. ఊళ్లో కారు కొన్న ఇంట్లో తండ్రి నడుపుతాడు, కొడుకు నడుపుతాడు, సెలవులకు వచ్చిన అల్లుడూ నడుపుతాడు. సీటు మాత్రం మొదట ఎవరు ఎక్కడ ఉంచితే అక్కడే ఉంటుంది. జోడు విషయంలో మాత్రం ఎవరూ ఇలా సర్దుకుపోరు. ఒకరి చెప్పులు మరొకరికి పట్టకపోతే విప్పి పక్కన పెడతారు. కారు సీటు పట్టకపోయినా వంద మైళ్లు నడిపేస్తున్నారు.

హైదరాబాదు - విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. సీటు దూరంగా ఉండి, కాలు చాచి బ్రేకు వెతుక్కోవడంలో అర సెకను పోయిందంటే బండి 11 మీటర్లు ముందుకు పోయినట్టే. ఎదురుగా రోడ్డు దాటుతున్న ట్రాక్టరుకు ఆ 11 మీటర్లే చావుబతుకుల దూరం.

రూల్సులో మొదటి మాట అదే

లైసెన్సు పరీక్ష అనగానే అందరికీ 'ఎనిమిది' వేయడం, రివర్సు తీయడం గుర్తుకొస్తాయి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 15వ నిబంధన చూస్తే, అభ్యర్థికి చేతనై ఉండవలసిన పనుల పట్టికలో మొట్టమొదటిది వెనక చూసే అద్దం సరిచేసుకోవడం. ఇంజను స్టార్టు చేసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు రెండోది. గేర్లు, మలుపులు, రివర్సు ఆ తర్వాతి సంగతి. కారు నేర్చుకునే వారికి ఈ మొదటి పాఠమే సరిగా అందడం లేదు. నేర్పేవారు సీటు తామే జరిపిపెట్టి, క్లచ్చి ఎలా వదలాలో చెప్పడంతో మొదలుపెడతారు.

అంబాసిడర్ల కాలంలో ముందు సీటు సోఫాలాగా ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే ఉండేది. గేరు కర్ర స్టీరింగు కిందే. డ్రైవరు పక్కన ఇద్దరు సర్దుకునేవారు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక ఎవరి సీటు వారిదే అన్న పద్ధతి అలవాటైంది. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఇప్పుడు చిన్న కార్లలోనూ సీటు ముందుకూ వెనక్కూ జరుగుతుంది, వీపు వాలుతుంది. చాలావాటిలో స్టీరింగు పైకీ కిందికీ వస్తుంది. సౌకర్యాలు పెరిగాయి, వాడేవారే తక్కువ.

ముందు సీటు

సర్దుకోవడానికి ఒక వరుస ఉన్నది. మొదట సీటు, తర్వాత స్టీరింగు, ఆ తర్వాత అద్దాలు, చివర బెల్టు. సీటు రెండంగుళాలు జరిగితే అద్దంలో కనిపించేది మొత్తం మారిపోతుంది. అందుకని అద్దాలు ముందు దిద్దుకుంటే మళ్లీ దిద్దుకోవలసిందే.

బండి ఆగి ఉన్నప్పుడే, హ్యాండ్ బ్రేకు వేసి ఈ పని చేయాలి. నడుము సీటు మూలకు ఆనేలా వెనక్కు జరిగి కూర్చోండి. జేబులో పర్సు, సెల్‌ఫోను ఉంటే తీసి పక్కన పెట్టండి. ఎడమ కాలితో క్లచ్చిని పూర్తిగా నేలదాకా తొక్కండి. మోకాలు ఇంకా కొద్దిగా వంగి ఉండాలి. కాలు కర్రలా సాగిపోయిందంటే సీటు దూరంగా ఉన్నట్టు. మోకాలు స్టీరింగుకు తగులుతుంటే మరీ దగ్గరగా ఉన్నట్టు. క్లచ్చి లేని ఆటోమేటిక్ బళ్లలో కుడికాలితో బ్రేకు గట్టిగా తొక్కి ఇలాగే చూసుకోవాలి.

సీటు జరిపాక 'టక్' మన్న చప్పుడు వినపడాలి. ఒకసారి నడుముతో ముందుకూ వెనక్కూ ఊగి చూడండి. సీటు పట్టాల గాడిలో పడకపోతే, బ్రేకు వేసిన క్షణంలో సీటే జారుతుంది, కాలు పెడల్ మీద నుంచి తప్పుతుంది. పాత బళ్లలో పట్టాలకు తుప్పు, మట్టి పట్టి గాడి సరిగా పడదు. షెడ్డులో శుభ్రం చేయించి గ్రీజు పెట్టిస్తే సరిపోతుంది.

ఎత్తు పెంచే మీట ఉంటే, తలకూ టాపుకూ మధ్య ఒక పిడికిలి పట్టేంత జాగా ఉంచుకుని, బానెటు మీదుగా రోడ్డు బాగా కనిపించేదాకా లేపుకోవాలి. సీటు అంచుకూ మోకాలి మడతకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. అంచు ఒత్తుకుంటే గంట తిరగకుండానే కాళ్లకు తిమ్మిరి ఎక్కుతుంది. పొట్టివారు కొందరు దిండు వేసుకుంటారు. వేసుకుంటే గట్టిది, జారనిది వేసుకోవాలి. మెత్తటి దిండు బ్రేకు వేసినప్పుడు మనిషినే ముందుకు జార్చేస్తుంది.

వీపు వాలు విషయంలో కుర్రకారుది ఒక తీరు, పెద్దలది ఒక తీరు. కొందరు పడక కుర్చీలా వాల్చి ఒంటిచేత్తో నడుపుతారు. కొత్తగా నేర్చినవారు స్టీరింగు మీదికి వంగిపోతారు. రెండూ తప్పే. భుజాలు సీటుకు ఆనించి చేతులు చాచితే మణికట్లు స్టీరింగు పైఅంచు మీద ఆనాలి. భుజం సీటు వదిలి లేచిందంటే వీపు ఇంకొంచెం నిటారు చేసుకోవాలి.

తల వెనక దిండు అలంకారం కాదు

హెడ్‌రెస్టును నిద్రపోవడానికి పెట్టిన దిండు అనుకునేవారే ఎక్కువ. కొత్త సీటు కవర్లు వేయించినప్పుడు దాన్ని అడుగంటా దించేసి వదిలేస్తారు. వెనక సీటువారికి రోడ్డు కనపడటం లేదని పీకి డిక్కీలో వేసేవారూ ఉన్నారు. వెనక నుంచి లారీ గుద్దినప్పుడు ఒళ్లు సీటుతోపాటు ముందుకు పోతుంది, తల వెనకబడి మెడ వెనక్కు విరుచుకుంటుంది. దాన్ని ఆపేది ఈ హెడ్‌రెస్టే. దాని పైఅంచు నడినెత్తికి సమానంగా ఉండాలి. కనీసం చెవుల పైభాగం కంటే కిందికి ఉండకూడదు. తలకూ దానికీ నాలుగు వేళ్ల కంటే ఎక్కువ ఎడం పనికిరాదు.

స్టీరింగుకు జానెడు పైన రెండు వేళ్లు

2019 జూలై 1 నుంచి తయారయ్యే కార్లన్నిటికీ డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి చేశారు. గుద్దుకున్నప్పుడు ఆ సంచి ఉబ్బడానికి సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టదు. అంత జోరుగా వచ్చేదానికి ఛాతీ ఆనించి కూర్చుంటే కాపాడవలసిందే దెబ్బ కొడుతుంది. స్టీరింగు నడిబొడ్డుకూ రొమ్ము ఎముకకూ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు, అంటే జానెడు పైన రెండు వేళ్లు ఉండాలి.

స్టీరింగు కింద చిన్న మీట ఉంటుంది. దాన్ని వదులు చేసి చక్రం ముఖానికి కాక ఛాతీకి ఎదురుగా ఉండేలా దించుకోవాలి. స్పీడు మీటరు చక్రం సందులోంచి కనిపించాలి. తర్వాత మీట మళ్లీ బిగించాలి. నడుస్తున్న బండిలో దీని జోలికి పోరాదు. చేతులు గడియారంలో తొమ్మిది, మూడు అంకెలు ఉండేచోట పట్టుకోవాలి. చక్రం పైఅంచు మీద చెయ్యి అడ్డంగా వేసి నడిపితే, ఎయిర్‌బ్యాగు తెరుచుకున్నప్పుడు ఆ చెయ్యే వచ్చి ముఖానికి తగులుతుంది.

ఎడమ అద్దం ఎందుకు మూస్తున్నట్టు?

కోదాడ బజారులో ఒక్క పూట నిలబడితే చాలు, ఎడమ అద్దం ముడిచేసి పోయే కార్లు ఎన్నో కనిపిస్తాయి. సందుల్లో ఆటోలకు తగులుతుందని ముడుస్తారు, హైవే ఎక్కాక తెరవడం మరిచిపోతారు. మన రోడ్ల మీద మోటారు సైకిళ్లు దూరివచ్చేది ఎక్కువగా ఎడమవైపు నుంచే. పాలక్యానులు కట్టుకున్నవారు, గడ్డిమోపు వేసుకున్నవారు ఆ పక్కనే ఉంటారు. ఊరి మలుపు వచ్చిందని డ్రైవరు ఎడమకు తిప్పితే నలిగేది వారే.

లోపలి అద్దంలో వెనక గ్లాసు మొత్తం కనిపించాలి. వెనక వేలాడదీసిన బొమ్మలు, గ్లాసు దగ్గర పేర్చిన సంచులు తీసేయాలి. రాత్రివేళ వెనక లారీ లైట్లు కళ్లలో కొడుతుంటే, చాలా కార్లలో అద్దం అడుగున చిన్న మీట ఉంటుంది, దాన్ని తిప్పితే వెలుగు తగ్గుతుంది. తెల్లవారాక మళ్లీ మామూలుగా పెట్టుకోవాలి.

బయటి అద్దాలను చాలామంది తమ కారు తలుపులు సగం కనిపించేలా పెట్టుకుంటారు. తన కారు తనకు కనిపించి ప్రయోజనమేమిటి? పక్కన వచ్చే బండి కనిపించాలి. దానికో పద్ధతి ఉన్నది. తల కుడివైపు కిటికీ గ్లాసుకు ఆనించి, కారు పక్కభాగం అద్దం అంచున లేశమాత్రం కనిపించేదాకా కుడి అద్దాన్ని బయటికి తిప్పండి. తర్వాత ముందు సీట్లు రెండింటి నడుమకు తల వంచి ఎడమ అద్దాన్నీ అలాగే తిప్పండి. నిటారుగా కూర్చుంటే ఇక మీ కారు మీకు కనిపించదు. దాటిపోయే బండి లోపలి అద్దంలోంచి తప్పుకునే సరికి బయటి అద్దంలోకి వస్తుంది, అందులోంచి తప్పుకునే సరికి కంటికొసకు కనిపిస్తుంది. రోడ్డు పక్కన ఆపి, పోయే బళ్లను చూస్తూ ఒకసారి సరిచూసుకుంటే నమ్మకం కుదురుతుంది. అలవాటు పడటానికి రెండు మూడు రోజులు పడుతుంది.

బయటి అద్దాలు చాలావరకు కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటాయి. అందులో బండి ఉన్నదానికంటే దూరంగా అగుపిస్తుంది. దూరంగానే ఉన్నదిలే అని తిప్పేయడం ప్రమాదం. అద్దాలు ఎంత బాగా పెట్టుకున్నా పక్కకు మళ్లే ముందు ఒకసారి మెడ తిప్పి చూడక తప్పదు.

రివర్సు తీసేటప్పుడు మరీ జాగ్రత్త. వెనక బంపరు కిందికి పాకివచ్చిన పసివాడు ఏ అద్దంలోనూ కనిపించడు. 2019 జూలై నుంచి కొత్త కార్లకు వెనక సెన్సర్లు పెడుతున్నారు. పాత కార్లకు అవి ఉండవు. ఇంటి వాకిట్లో బండి తీసేటప్పుడు దిగి ఒకసారి చుట్టూ తిరిగి చూసి ఎక్కితే తప్పేమీ లేదు.

బెల్టు వెనకవారికీ

అన్నీ సర్దుకున్నాక బెల్టు. కింది పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద ఉండాలి. పై పట్టీ మెడకు తగలకుండా భుజం మీదుగా రావాలి. సినీనటుడు, మాజీ మంత్రి నందమూరి హరికృష్ణ 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లా అన్నెపర్తి వద్ద స్వయంగా కారు నడుపుతూ ప్రమాదంలో మరణించారు. ఆయన బెల్టు పెట్టుకోలేదని అప్పట్లో పత్రికలు రాశాయి. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించినప్పుడు ఆయన కూర్చున్నది వెనక సీటులో, బెల్టు లేకుండా. పెద్ద కారు, ఖరీదైన కారు అన్న తేడా చావుకు లేదు. బెల్టు లేకపోతే చట్ట ప్రకారం వెయ్యి రూపాయల జరిమానా. 14 ఏళ్లలోపు పిల్లలకు కూడా బెల్టో, పిల్లల సీటో ఉండాలి. ముందు సీటులో పసిపాపను ఒళ్లో కూర్చోబెట్టుకోవడం ముద్దుగా కనిపించవచ్చు. ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటే ఆ దెబ్బ ముందు తగిలేది పాపకే.

ఇక కాళ్ల దగ్గర. డ్రైవరు సీటు కింద నీళ్ల సీసా పడేయవద్దు. దొర్లివచ్చి బ్రేకు కింద ఇరుక్కుంటే ఎంత తొక్కినా బండి ఆగదు. మడతలు పడిన మ్యాటు, వదులైన హవాయి చెప్పులు కూడా ఇలాంటివే.

యజమానులు చెబితే చాలు

ఈ పనులకు పైసా ఖర్చు లేదు. వర్క్‌షాపు అక్కరలేదు. అలవాటైతే రెండు నిమిషాల పని. కావలసిందల్లా యజమాని నోటి నుంచి ఒక్క మాట: 'సీటు నీకు తగ్గట్టు జరుపుకో బాబూ, తర్వాత నేను సర్దుకుంటాను.' ఆ మాట అనేవారి కారులో డ్రైవరు మొహమాటపడడు.

తమ సీటు మళ్లీ దొరకదని బెంగపడే యజమానులకు ఒక చిట్కా. సీటును పూర్తిగా వెనక్కు తోసి, అక్కడి నుంచి ముందుకు ఎన్నో 'టక్కు' దగ్గర తమకు సరిపోతుందో లెక్కపెట్టుకోవాలి. నాలుగైతే నాలుగు, ఐదైతే ఐదు. డ్రైవరు దిగిపోయాక ఆ లెక్కన జరుపుకుంటే సీటు ఎప్పటి చోటికే వస్తుంది. ఇంట్లో ముగ్గురు నడిపితే ముగ్గురి లెక్కా కాగితం మీద రాసి డాష్‌బోర్డు అరలో ఉంచుకోవచ్చు.

వేసవి పెళ్లిళ్లకూ, శివరాత్రికి మేళ్లచెరువు జాతరకూ, జాన్‌పహాడ్ ఉర్సుకూ ఈ దారుల్లో కార్లు బారులు తీరతాయి. వాటిలో అరువు కార్లు, అద్దె డ్రైవర్లు ఎక్కువ. బయలుదేరే ముందు కొబ్బరికాయ కొట్టేవారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవారు ఎలాగూ ఉన్నారు. ఆ కాసేపట్లోనే డ్రైవరు సీటు, అద్దాలు సరిచూసుకునే వ్యవధి ఇవ్వాలి. వెనక కూర్చున్నవారు అప్పుడు తొందర పెట్టకుండా తమ బెల్టులు తాము పెట్టుకుంటే సరిపోతుంది.