రెండు గీతలు ఒక్కటైతే

మా సూళ్లూరుపేట వైపు రాకెట్ అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది నిప్పు, పొగ, చప్పుడు. కానీ 2022 ఆగస్టు 7న శ్రీహరికోట నుంచి లేచిన మొదటి ఎస్‌ఎస్‌ఎల్‌వీలో మూడు ఘన ఇంధన దశలూ బాగానే మండాయి. సెన్సార్లు చెడిపోయాయని సాఫ్ట్‌వేర్ పొరబడింది. దాంతో ఉపగ్రహాలు నిలవలేని కక్ష్యలో పడ్డాయి. 1962లో అమెరికా వాళ్ల మారినర్-1 విషయంలో కారణం ఇంకా చిన్నది. గైడెన్స్ సమీకరణంలో ఒక అక్షరం మీద ఉండాల్సిన అడ్డగీత, రాతలో జారిపోయింది. రాకెట్‌ని గాల్లోనే పేల్చేయాల్సి వచ్చింది.

గీతలదేముంది అనుకునేవాళ్ల కోసమే ఇదంతా చెప్పాను. నేను ఖాళీ దొరికినప్పుడు చేసే పని కంపైలర్ డాక్యుమెంటేషన్‌లో ఇలాంటి గీతలు సరిచేయడం.

జీసీసీ మాన్యువల్‌ని టెక్సిన్ఫోలో రాస్తారు. అందులో మామూలు వాక్యంలో రెండు హైఫన్లు వరసగా పెడితే, వెబ్ పేజీలో అవి కలిసిపోయి ఒక పొడుగు గీత అవుతాయి. కాబట్టి ‘--హెల్ప్’ లాంటి ఆప్షన్‌ని ‘ఆప్షన్’ అనే గుర్తులో పెట్టి రాయాలి. మర్చిపోతే పేజీ చూడ్డానికి బానే ఉంటుంది. కాపీ చేసి టెర్మినల్‌లో వేస్తే మాత్రం, అదేదో ఫైలు పేరనుకుని ‘అలాంటి ఫైలు లేదు’ అంటుంది కంపైలర్.

ఎల్ఎల్‌వీఎమ్ పత్రాల్లో ఎక్కువ భాగం రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌లో ఉంటాయి. అక్కడ ‘కోడ్-బ్లాక్’ తర్వాత రెండు కోలన్లు ఉండాలి. ఒకటే పెడితే దాన్ని కామెంట్ అనుకుంటుంది. కింద ఉన్న కోడ్ ఉదాహరణ మొత్తం పేజీలోంచి మాయం! ఎర్రర్ కూడా రాదు.

అనుభవం ఉన్నవాళ్లు ఇలాంటివి ఊహించి దాటేస్తారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి, అందులోనూ తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లీషుతో కుస్తీ పడేవాళ్లకి, తప్పు పేజీదా తమదా తెలీదు. తమదే అనుకుంటారు. అసలు నష్టం అదే.

మీరూ చేయొచ్చు. వెబ్ పేజీని, దాని సోర్స్ ఫైలుని పక్కపక్కన తెరిచి చదవండి. తేడా కనిపిస్తే సరిచేసి, మీ కంప్యూటర్‌లోనే పేజీని మళ్లీ తయారుచేసి చూసుకోండి. ఎల్ఎల్‌వీఎమ్‌కి గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ పెట్టొచ్చు. అర్థాన్ని మార్చే సవరణ ఇందులో కలపకండి, అది వేరేగా పంపండి. అప్పుడు చూసేవాళ్లకి రెండు నిమిషాల పని.