సహరీ వేళ ప్రొటీన్ డబ్బా

రమజాన్ సమీపించగానే తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలలో ఈ మధ్య కొత్తది ఒకటి చేరింది. అబ్బాయి జిమ్ముకు వెళుతున్నాడు, సహరీలో ఏదో పొడి కలుపుకొని తాగుతున్నాడు, అది హలాలేనా అని. ప్రశ్న సరైనదే, కాని అది సగం ప్రశ్న. దివ్యఖుర్ఆన్‌లో ఆహార ప్రస్తావన వచ్చినప్పుడు ‘హలాల్’ పక్కనే ‘తయ్యిబ్’ అనే పదమూ కనిపిస్తుంది. తినేది ధర్మసమ్మతం కావడంతోపాటు పరిశుద్ధమైనదీ, మేలైనదీ కావాలి.

ముందు హలాల్ సంగతి. వే ప్రొటీన్ అంటే చీజ్ తయారీలో పాలు విరిచినప్పుడు మిగిలే తేట నుండి తీసిన మాంసకృత్తు. పాలు విరిచే రెనెట్ దూడ కడుపు నుండి రావచ్చు, సూక్ష్మజీవుల నుండీ రావచ్చు. గుళికల తొడుగు జెలటిన్ అయితే అది పశువుదో, పందిదో తెలియాలి. మన దేశపు సరుకుపై గోధుమరంగు త్రికోణం ఉంటే ఏ జంతువో తయారీదారును అడగాలి, లేదా హలాల్ ధ్రువీకరణ ఉన్నదానిని ఎంచుకోవాలి.

అసలు ప్రమాదం తయ్యిబ్ దగ్గర ఉంది. వ్యాయామానికి ముందు తాగే ‘ప్రీ-వర్కౌట్’ పొడులలో కొన్నింటి ఒక్క కొలతలోనే 200 నుండి 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజంతటికీ 400 మిల్లీగ్రాములు దాటరాదంటారు. దానికి టీ, ఎనర్జీ డ్రింకు తోడైతే? పైగా నీళ్లు లేకుండా పొడిని నోట్లో పోసుకొనే విన్యాసమొకటి! గుండె, పక్షవాత ప్రమాదాల కారణంగా ఎఫెడ్రాను అమెరికా 2004లోనే ఆహార పూరకాలలో నిషేధించింది. పాళ్లు చెప్పక ‘ప్రొప్రైటరీ బ్లెండ్’ అని మాత్రమే రాసిన డబ్బాను మేమైతే ఇంటికి తీసుకురాము.

క్రియాటిన్‌ను అంతగా నిందించనక్కరలేదు. రోజుకు 3 నుండి 5 గ్రాములు ఆరోగ్యవంతులకు సాధారణంగా హాని చేయవు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుని అడగనిదే ముట్టరాదు. రక్తపరీక్షలో క్రియాటినిన్ కొంత పెరిగి కనిపించవచ్చు కనుక, వాడుతున్న సంగతి వైద్యునికి దాచకూడదు.

ఇక మెఫెంటర్మిన్ ఇంజక్షన్. శస్త్రచికిత్సలో రక్తపోటు పడిపోయినప్పుడు వాడే మందు అది. దానిని జిమ్ములకు వెళ్లే యువకులకు అమ్ముతున్నవారిని హైదరాబాదులో పోలీసులు పట్టుకున్న ఉదంతాలున్నాయి. దీనిని పోషకాహారం అనడమే మోసం.

అసలు అవసరమెంత? పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తు చాలునని భారత వైద్య పరిశోధన మండలి లెక్క. అరవై కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. కఠిన వ్యాయామం చేసేవారికి కొంత ఎక్కువ కావాలి, అయినా ఇఫ్తార్‌లో ఉడికించిన శనగలు, రెండు గుడ్లు, పెరుగు, ఒక గిన్నె హలీమ్ చేరితే చాలా దూరం వచ్చినట్లే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు కూడా కండల కోసం ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దనే చెప్పాయి.

తండ్రులు డబ్బాను విసిరికొట్టవద్దు. కుమారుని పక్కన కూర్చుని లేబుల్ చదవండి, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు సంఖ్య ఉన్నదో లేదో చూడండి. ఉపవాసంలో గుండెదడ తగ్గకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మూత్రం నల్లబడినా ఇఫ్తార్ దాకా వేచి ఉండకండి. రోగికి షరీఅత్ సడలింపు ఇచ్చింది, ఆ రోజాను తరువాత ఖజా చేసుకోవచ్చు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ డబ్బాను కూడా వెంట తీసుకువెళ్లండి.