ముగ్గురిలో ఒకరు

ఆదివారం ఆరాధనలో హార్మోనియం మరీ గట్టిగా మ్రోగితే పాడేవారి గొంతు వినబడదు. మరీ మెల్లగా మ్రోగితే పాట చెదిరిపోతుంది. వరంగల్ చుట్టుపక్కల పల్లె సంఘాలలో ఈ ఇబ్బంది ఎరుగనివారుండరు. ఇటువంటి పనినే 53 సంవత్సరాలు తన వృత్తిగా చేసుకొన్న ఒక పెద్దాయన ఉండేవారు. పేరు మెనహెమ్ ప్రెస్లర్.

1923లో జర్మనీలోని మాగ్డెబుర్గ్ పట్టణంలో, యూదుల కుటుంబంలో జన్మించారు. తండ్రికి బట్టల దుకాణం. 1938 నవంబరులో నాజీ మూకలు యూదుల అంగళ్లను, సమాజమందిరాలను ధ్వంసం చేసిన రాత్రి ఆ దుకాణమూ పాడైపోయింది. పిల్లవాడికి అప్పుడు పద్నాలుగేళ్లు. యూదుల బిడ్డకు పాఠం చెప్పడమే ప్రమాదమైన రోజులవి. అయినా చర్చిలో ఆర్గాన్ వాయించే కిట్జల్ అనే ఆయన గురువు రహస్యంగా నేర్పుతూనే వచ్చారు. 1939లో ఆ కుటుంబం ఇటలీకి తప్పించుకొంది. అక్కడ ఓడ కోసం ఎదురుచూస్తున్న శిష్యునికి, ఫ్రెంచి స్వరకర్త డెబుసీ కృతి ఒకటి ఆ గురువే టపాలో పంపారు. 1946లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో డెబుసీ పేర జరిగిన పోటీలో మొదటి బహుమతి ఆ శిష్యునికే వచ్చింది!

ఈ మధ్యకాలం సుఖంగా గడవలేదు. వెనుక ఉండిపోయిన తాతా అవ్వలు, దగ్గరి బంధువులు నాజీల చేతుల్లో ప్రాణాలు కోల్పోయారు. పాలస్తీనా చేరిన కుర్రవాడికి అన్నం సయించేది కాదు. ఒకసారి బీథోవెన్ సొనాటా వాయిస్తూ స్పృహతప్పి పడిపోయాడు.

ఒంటరిగా వాయించి పేరు తెచ్చుకొనే దారి ఆయనకు తెరిచే ఉంది. కాని 1955లో వయోలిన్ వాద్యకారుడు డేనియల్ గిలే, చెల్లో వాద్యకారుడు బెర్నార్డ్ గ్రీన్‌హౌస్‌తో కలిసి ‘బో జార్ ట్రయో’ను ప్రారంభించారు. చెల్లో అంటే మోకాళ్ల నడుమ నిలబెట్టి వాయించే పెద్ద వయోలిన్ వంటిది. ఇలా కొద్దిమంది ఒక గదిలో కూర్చుని వాయించేదాన్ని చేంబర్ సంగీతమంటారు. చేయి ఊపి నడిపించే నాయకుడు అక్కడుండడు. ఒకరి ఊపిరి ఒకరు వినాలి. ముగ్గురిలో పియానోదే పెద్ద నోరు. తలచుకొంటే మిగతా రెంటినీ మింగేయగలదు. వేళ్లలో వేగం ఉన్నవారు ఎందరో దొరుకుతారు గాని, చోటు ఇవ్వడం తెలిసినవారు అరుదు.

వయోలిన్ దగ్గర ఐదుగురు మారారు, చెల్లో దగ్గర ముగ్గురు. వచ్చిన ప్రతివారితోనూ పాత కృతులనే మళ్లీ కూర్చుని సాధన చేయవలసిందే. పియానో దగ్గర మాత్రం 2008లో ఆ ముగ్గురి కూటమి ముగిసేవరకు ఆయనే.

అప్పటికి వయస్సు 84. ఇక విశ్రాంతి అనుకొంటాం మనమైతే. అదే 2008లో, దుకాణం పాడైన ఆ రాత్రికి 70 ఏళ్లు నిండిన సందర్భంలో జర్మనీ వెళ్లి వాయించారు. 2014లో, తొంభయ్యవ ఏట, సుప్రసిద్ధమైన బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందంతో మొదటిసారి వేదిక ఎక్కారు. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో 1955లో మొదలుపెట్టిన పాఠాలను తొంభై దాటినా మానలేదు. 2023 మే 6న లండన్‌లో, 99వ ఏట కన్నుమూశారు.