ఎలుకల ఇంటికి ఏ పిల్లి?

పాలకుర్తి మండలంలో వానకాలం వడ్లు, పత్తి, మక్కలు ఇంటికి చేరే రోజుల్లోనే ఎలుకలూ ఇంటి ముఖం పడతాయి. 2016లో జనగామ జిల్లా ఏర్పడేదాకా వరంగల్ జిల్లాలో ఉన్న ఈ మండలానికి ఎవుసమే ఆధారం. కోతలయ్యాక పొలంలో తిండి తగ్గుతుంది. ఇంట్లో మాత్రం బియ్యం బస్తాలు, విత్తనాల సంచులు, కోళ్ల కోసం ఉంచిన నూకలు, కొట్టంలో గడ్డి అన్నీ సిద్ధంగా ఉంటాయి. గూనపెంకుల కప్పు, అటుక, మట్టిగోడ ఉన్న పాత ఇళ్లలో దాక్కునే చోటుకూ కొదవ లేదు. పిల్లలు, పశువులు, కోళ్లు తిరిగే ఇంట్లో మందు పెట్టాలంటే భయం. అందుకే పిల్లిని తెచ్చుకుందామన్న ఆలోచన వస్తుంది. మంచి ఆలోచనే. కానీ ప్రతి పిల్లీ ఎలుకలను పడుతుందనుకోవడం పొరపాటు. ప్రతి ఎలుకా పిల్లికి లొంగుతుందనుకోవడం అంతకంటే పెద్ద పొరపాటు.

ముందు ఇంట్లో తిరుగుతున్నదేమిటో తేల్చుకోవాలి. చిట్టెలుక బరువు సాధారణంగా 15 నుంచి 25 గ్రాములు. అది వేసే పెంటికలు 3 నుంచి 6 మిల్లీమీటర్లు ఉంటాయి. దూలాల మీద, అటుక మీద పరుగెత్తే ఇంటి ఎలుక 100 నుంచి 200 గ్రాముల దాకా తూగుతుంది, దాని పెంటికలు 12 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. గోడ పునాది కింద మట్టి తోడి పోసేది పందికొక్కు. అందులో పెద్ద జాతి కిలో దాకా పెరుగుతుంది. గోడవారన కీచుమంటూ పోయే, ఘాటు వాసన కొట్టే చుంచు అసలు ఎలుక జాతే కాదు. దానికి పురుగులే ప్రధాన ఆహారం. పిల్లి దాన్ని చంపినా వాసనకు తినకుండా వదిలేస్తుంది.

పిల్లి బాగా పనికొచ్చేది చిట్టెలుకల మీద, ఇంటి ఎలుక పిల్లల మీద. పెద్ద ఎలుక ఎదురుతిరిగి కరుస్తుంది, అలాంటిదాని జోలికి చాలా పిల్లులు పోవు. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జేమ్స్ చైల్డ్స్ జరిపిన పరిశీలనలో పిల్లులు చంపినవి ఎక్కువగా 200 గ్రాముల లోపు ఎలుకలే. 2018లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ నుంచి వచ్చిన ఫలితం ఇంకా నిరాశ కలిగిస్తుంది. అక్కడి ఒక చెత్త శుద్ధి కేంద్రంలో కెమెరాలు పెట్టి 79 రోజులు గమనిస్తే పిల్లులు చంపిన పెద్ద ఎలుకలు రెండే. కాకపోతే పిల్లులు తిరిగే చోట ఎలుకలు బయటికి రావడం తగ్గింది. ఎలుకలు కనపడకపోవడం వేరు, లేకపోవడం వేరు. పునాది తవ్వే పందికొక్కుల కోసం పిల్లిని తేవడం వృథా. వాటికి బోనులు పెట్టాలి, బొరియలు మూయాలి.

ఇక ఎంపికలో మొదట చూడవలసింది పిల్లను కాదు, తల్లిని. వేట పిల్లి రక్తంలో ఉన్న మాట నిజమే అయినా, అది పదునెక్కేది తల్లి దగ్గరే. పిల్లలకు నాలుగైదు వారాలు రాగానే తల్లి మొదట చచ్చిన ఎలుకను తెచ్చి ముందు పడేస్తుంది. తరువాత కొనప్రాణంతో ఉన్నదాన్ని తెచ్చి వదులుతుంది. పిల్లలు దాన్ని మూతి పెట్టి వాసన చూస్తాయి, పంజాతో తడతాయి, అది కదలగానే వెనక్కి దూకి మళ్లీ మీద పడతాయి. తప్పించుకోబోతే తల్లే ఒడిసి పట్టి మళ్లీ వాటి మధ్య వేస్తుంది. మెడ వెనక ఎక్కడ పళ్లు దింపాలో ఈ ఆటలోనే తెలుస్తుంది.

చైనా శాస్త్రవేత్త జింగ్ యాంగ్ క్వో 1930లో ప్రచురించిన ప్రయోగం దీన్ని లెక్కలతో చూపింది. తల్లి ఎలుకలను చంపుతుంటే చూస్తూ పెరిగిన 21 పిల్లల్లో 18 ఎలుకలను చంపాయి. ఒంటరిగా పెరిగిన 20లో తొమ్మిదే చంపాయి. ఎలుకతోనే కలిసి పెరిగిన 18లో చంపినవి మూడే. కాబట్టి కొట్టంలో, వడ్ల బస్తాల మధ్య ఈని, ఎలుకలు పట్టే పేరున్న తల్లి పిల్లను అడిగి తెచ్చుకోవడం ఉత్తమం. ఆ తల్లి పనితనం ఇరుగుపొరుగుకు తెలిసే ఉంటుంది.

పిల్లను ఎనిమిది వారాల లోపు తల్లి నుంచి వేరు చేయకూడదు. పది, పన్నెండు వారాల దాకా ఆగితే ఇంకా మంచిది, ఆ వేట చదువు పూర్తవుతుంది. అయితే రెండు నుంచి ఏడు వారాల మధ్య మనుషుల చేతుల్లో పడని పిల్ల తరువాత మచ్చిక కావడం కష్టం. అంటే తల్లి దగ్గర ఉండగానే ఇంటివాళ్లు రోజూ ఎత్తుకుని నిమిరిన పిల్ల కావాలి. కళ్లలో పుసి, ముక్కు కారడం, ఉబ్బిన పొట్ట ఉన్నవాటిని వదిలేయాలి. దారం కొసకు ఎండుటాకు కట్టి నేల మీద లాగితే నక్కి, నడుము ఊపి దూకే పిల్ల చురుకైనది.

రంగుతో వేటకు సంబంధం లేదు. నల్లపిల్లి అపశకునమన్న నమ్మకంతో మంచి వేటగత్తెను వదులుకోవడం అన్యాయం. పొడవు బొచ్చు, చప్పిడి ముక్కు ఉన్న పర్షియన్ పిల్లి ఈ పనికి తగదు, ఈ ఎండలకూ తాళలేదు. పొట్టి బొచ్చు నాటు పిల్లే సరైనది. గండుపిల్లి ఊరంతా తిరిగి కొట్లాడుతుంది. ఆడపిల్లి ఇంటిని అంటిపెట్టుకుంటుంది కానీ ఆరు నెలలకే చూలు కట్టవచ్చు. ఏదైనా సరే, పశువైద్యుని చేత ఆపరేషన్ చేయిస్తే ఇంటిపట్టున ఉంటుంది, వేట మానదు.

గోనెసంచిలో తెచ్చి వాకిట్లో వదిలిన పిల్లి నిలవదు. రెండు మూడు వారాలు ఒక గదిలో ఉంచి, అక్కడే తిండి పెట్టి, ఆ తరువాతే బయటికి వదలాలి.

కడుపు నిండిన పిల్లి ఎలుకను పట్టదన్న మాట ఇంటింటా వినిపిస్తుంది. అది నిజం కాదు. రాబర్ట్ ఆడమెక్ 1976లో ప్రచురించిన ప్రయోగంలో ఇష్టమైన తిండి తింటున్న పిల్లుల ముందు బతికున్న ఎలుకను వదిలారు. అవి తిండి వదిలి ఎలుకను చంపి, దాన్ని గిన్నె దగ్గరికి ఈడ్చుకొచ్చి, మళ్లీ ఆ తిండే తిన్నాయి. పస్తు పెట్టిన పిల్లి వేట పెంచదు, ఇల్లు మారుతుంది. పాలన్నం ఒక్కటే దానికి చాలదు, చాలా పెద్ద పిల్లులకు పాలు అరగవు కూడా. చేప తలకాయలు, కోడి ముక్కలు, గుడ్డు పెట్టాలి.

ఇంగ్లండ్‌లో శాస్త్రవేత్త చార్లెస్ ఎల్టన్ 1953లో వెల్లడించిన విషయం ఇక్కడి రైతుకూ పనికొస్తుంది. ముందే ఎలుకలను తొలగించిన ఆవరణల్లో పిల్లులు కొత్త ఎలుకలను రానివ్వలేదు, కానీ అప్పటికే నిండిపోయిన చోట వాటి వల్ల కాలేదు. చిట్టెలుక చూలు కట్టిన మూడు వారాలకే ఈనుతుంది, దాని పిల్లలు ఆరేడు వారాలకే ఈతకు వస్తాయి. ఒక్క పిల్లి అంత సంతానంతో పోటీపడలేదు. పెన్సిల్ పట్టే సందు చాలు, చిట్టెలుక దూరుతుంది. అందుకే కంతలు సిమెంటుతో పూడ్చి, గింజలు రేకు డబ్బాల్లోకి మార్చి, బోనులతో ఉన్నవాటిని తగ్గించి, అప్పుడు పిల్లిని తేవాలి.

పిల్లికి కోడిపిల్లకూ ఎలుకకూ తేడా తెలియదు, కాబట్టి కోడిపిల్లలకు గంప తప్పనిసరి. మూడు నెలల వయసులో రేబిస్ టీకా, ఆ తరువాత ఏటా ఒకసారి వేయించాలి. పేగుపురుగులకు మందు కూడా కావాలి. పిల్లి కరిచినా గీరినా గాయాన్ని సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణులు పిల్లి మలం ఎత్తకూడదు.

పిల్లి ఉన్న ఇంట్లో ఎలుకల మందు ఉండకూడదు. బ్రోమాడయోలోన్ అనే మందు తిన్న ఎలుక వెంటనే చావదు, మత్తుగా తిరిగే దాన్ని తిన్న పిల్లి నెత్తురు గడ్డకట్టక చనిపోవచ్చు. మందు పక్కింట్లో పెట్టినా ప్రమాదం ఇదే. పిల్లిని తెచ్చుకునే ముందు ఇరుగుపొరుగుతో ఈ సంగతి మాట్లాడుకోండి.