జీవశాస్త్రానికి కంప్యూటరు ఎందుకమ్మా?

లెక్కల బాధ ఉండదని బైపీసీలో చేర్పించిన అమ్మాయి, ఎమ్మెస్సీకి వచ్చేసరికి పైథాన్ నేర్చుకుంటానంటోందా? కాదనకండి. డి.ఎన్.ఏ. అంటే ఎ, టి, జి, సి అనే నాలుగక్షరాల రాత. మనలో తల్లి నుంచి వచ్చిన వాటా ఒక్కటే సుమారు 300 కోట్ల అక్షరాలు! చేత్తో లెక్కపెట్టే పనేనా?

"పద్దులు రాసుకునే ఎక్సెల్ ఉందిగా" అంటారేమో. చిక్కంతా అక్కడే వచ్చింది. కొన్ని జన్యువులకు సెప్ట్ 2, మార్చ్ 1 అని పేర్లుండేవి. ఎక్సెల్ వాటిని చెప్పాపెట్టకుండా సెప్టెంబరు 2, మార్చి 1 అని తేదీలు చేసేసేది. పాలపద్దులో అయితే సరిపోను, పరిశోధనలో జన్యువే గల్లంతు! ఎక్సెల్ జన్యుపట్టికలు జతచేసిన పరిశోధన వ్యాసాలను 2016లో పరిశీలిస్తే, ఇంచుమించు అయిదింట ఒకదానిలో ఈ తప్పు దొర్లింది. చివరికి 2020లో జన్యువుల పేర్లే మార్చుకోవలసి వచ్చింది - సెప్టిన్ 2, మార్చ్‌ఎఫ్ 1 అని. యంత్రం కోసం మనిషి పేరు మార్చుకోవడమంటే ఇదే కాబోలు.

ప్రోగ్రాం అంటే బ్రహ్మవిద్య కాదు. హాస్టల్లో ఉన్న అబ్బాయికి చారు కాచడం రాసి పంపుతాం చూడండి, అలాంటిదే. ఫైలు తెరువు, వరుసలు ఒక్కొక్కటే చదువు, పేరును పేరుగానే ఉంచు, జి, సి లెన్నో లెక్కపెట్టు. ఇంతే. చేసిన పని రాతలో ఉంటుంది గనక, తప్పు ఎక్కడ జరిగిందో రేపు ఇంకొకరు వెతికి పట్టుకోగలరు.

అయితే మనం తప్పు చెబితే అదీ తప్పే చేస్తుంది. అందుకని ముందు పది వరుసల చిన్న ఫైలు మీద నడిపి, చేతిలెక్కతో సరిచూసుకోమనండి. ఆ పది వరుసలు లెక్కపెట్టడానికి మీరూ పక్కన కూర్చోవచ్చు.