సోయా రోజూ తినవచ్చునా? జవాబు గ్రేడులోనే ఉన్నది

నిజామాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల యార్డులకు సోయాచిక్కుడు రాక మొదలైతే బ్రోకర్ల నోట మొదట వినిపించేవి తేమ, మట్టి, పగులు గింజ. ఆ తరువాత ఇందోర్ ప్లాంట్ల ధర. అయితే చిల్లర కిరాణా వర్తకులకు ఖాతాదారుల నుండి మరో ప్రశ్న కూడా ఎదురవుతున్నది. మీల్‌మేకర్, సోయాపిండి రోజూ తింటే మగవారికి చేటనీ, థైరాయిడ్ చెడుతుందనీ అంటున్నారు, నిజమేనా అని. అమ్మేవారి వద్ద జవాబు లేకపోతే పుకారే జవాబవుతుంది. పుకారు గిరాకీని ఎలా పడగొడుతుందో వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు.

ముందుగా సరకు సంగతి. కందిపప్పులో మాంసకృత్తులు సుమారు 22 శాతం కాగా, సోయా గింజలో 36 నుండి 40 శాతం వరకు ఉంటాయి. నూనె 18 నుండి 20 శాతం. నూనె తీసిన పిండితో మీల్‌మేకర్ తయారవుతుంది. ఆరోగ్యం గురించిన తగవంతా ఈ మాంసకృత్తుల గురించీ, వాటితోపాటు ఉండే ఐసోఫ్లేవోన్ల గురించే. శుద్ధి చేసిన సోయా నూనెలో ఈ రెండూ దాదాపు ఉండవు. కనుక నూనె వర్తకులు ఈ తగవును తమ నెత్తికి ఎత్తుకోనక్కరలేదు.

పచ్చి పిండితోనే చిక్కు

పచ్చి సోయాలో మాంసకృత్తులు అరగకుండా అడ్డుపడే ట్రిప్సిన్ నిరోధకాలు ఉన్నాయి. సరిపడా తడి వేడి తగిలితే ఇవి చాలావరకు నశిస్తాయి. డి.ఓ.సి. వ్యాపారులు ఎరిగిన యూరియేజ్ పరీక్ష ఉద్దేశం ఇదే. యూరియేజ్ ఎక్కువగా ఉంటే పిండికి వేడి చాలలేదని అర్థం. వేడి మితిమీరినా లైసిన్ దెబ్బతిని సరకు విలువ తగ్గుతుంది. కనుక పచ్చి గింజను మర ఆడించి గోధుమపిండిలో కలిపి అమ్మడం మంచి పద్ధతి కాదు. ఇందోర్‌లోని సోయా పరిశోధన సంస్థ ఈ నిరోధకాలలో ముఖ్యమైన కూనిట్జ్ రకం లేని ఎన్.ఆర్.సి. 127 అనే వంగడాన్ని రూపొందించడం గమనార్హం.

హార్మోన్ల భయం

ఐసోఫ్లేవోన్లు స్త్రీ హార్మోను ఈస్ట్రోజెన్‌ను పోలి ఉన్నా, వాటి బలం చాలా తక్కువ. మగవారిపై జరిగిన ప్రయోగాలను 2010లోనూ, మరింత విస్తృతంగా 2021లోనూ సమీక్షించగా, సోయా వల్ల మగ హార్మోను తగ్గినట్లు తేలలేదు. 2008లో అమెరికాలో 60 ఏళ్ల వ్యక్తికి రొమ్ములు వాచిన ఉదంతం ఒకటి వెలువడింది. అతడు రోజుకు దాదాపు 3 లీటర్ల సోయాపాలు తాగేవాడు. దానిని అందరికీ అన్వయించడం న్యాయం కాదు.

షాంఘైలో రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందిన 5,042 మంది స్త్రీలను గమనించి 2009లో ఫలితాలు ప్రకటించారు. సోయా ఆహారం ఎక్కువ తిన్నవారిలో మరణాలు, వ్యాధి తిరగబెట్టడం తక్కువగానే కనిపించాయి. ఇది తిండి మాటే. ఐసోఫ్లేవోన్ మాత్రలకు దీనిని పూచీగా చూపరాదు.

జాగ్రత్త అవసరమైనవారు

థైరాయిడ్ ఆరోగ్యంగా ఉన్నవారికి సోయా వల్ల చెప్పుకోదగ్గ హాని లేదని 14 ప్రయోగాలపై 2006లో వచ్చిన సమీక్ష తేల్చింది. అయితే థైరాయిడ్ మాత్ర ఒంటబట్టడానికి సోయా అడ్డుపడవచ్చు. ఆ మాత్ర వేసుకునేవారు రెండింటి మధ్య వ్యవధి ఎంత ఉండాలో వైద్యుని అడగాలి. సోయా పడనివారికి కొద్ది పిండి కూడా ప్రమాదమే. అందుకే ప్యాకెట్‌పై సోయా పేరు ముద్రించాలన్న నిబంధన ఉన్నది. పసిపిల్లలకు తల్లిపాల బదులు మామూలు సోయాపాలు పట్టరాదు.

మంచిని కూడా మోతాదు మించి చెప్పరాదు. రోజుకు 25 గ్రాముల సోయా మాంసకృత్తులు గుండెజబ్బు ముప్పును తగ్గించవచ్చని ప్యాకెట్లపై రాసుకునేందుకు అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1999లో అనుమతించింది. ఆధారాలు నిలకడగా లేవంటూ 2017లో ఆ అనుమతి రద్దుకు తానే ప్రతిపాదించింది. సోయా హానికరమని మాత్రం అనలేదు. 25 గ్రాములంటే సుమారు 50 గ్రాముల పొడి మీల్‌మేకర్.

దాణా వేరు, తిండి వేరు

వర్తకుల పూచీ ఇక్కడే ఉన్నది. కోళ్ల దాణాకు వెళ్లే డి.ఓ.సి., మనిషి తినే సోయాపిండి చూపుకు ఒకే తీరుగా ఉండవచ్చు, కాని ప్రమాణాలు వేరు. 1967 నాటి నియంత్రణ ఉత్తర్వు కాలం నుండీ తినే పిండికి ప్రత్యేక ప్రమాణాలు ఉన్నాయి. ఇప్పుడు అవి 2006 నాటి ఆహార భద్రత చట్టం కిందికి వచ్చాయి. క్వింటాలుపై నాలుగు రూపాయలు కలిసివస్తాయని దాణా సరకును తిండి సంచిలోకి మళ్లిస్తే, ద్రావకపు శేషం, వేడి, శుభ్రత వీటిలో దేనికీ హామీ ఉండదు. వానకు తడిసి బూజు పట్టిన గింజ సంగతీ అంతే. బూజు విషాలు వంట వేడికి పూర్తిగా పోవు.

మొత్తం మీద, ఆరోగ్యవంతులు మితంగా సోయాను రోజూ తిన్నా భయపడనక్కరలేదు. ఖాతాదారుడు అడిగితే ఈ మాట ధైర్యంగా చెప్పవచ్చు. చెప్పేముందు అది ఏ గ్రేడు సరకో, ఏ ప్లాంటులో తయారైందో, లేబుల్‌పై ఏమున్నదో మనం చూసుకోవాలి.